ట్రీకిల్ టార్ట్ కోసం కుక్‌టౌన్ దాకా వెళ్లొచ్చు

హ్యారీ పాటర్ నవలలు చదివి పెరిగిన వాళ్లకి, అందులో హ్యారీకి ఇష్టమైన ఇంగ్లిష్ స్వీటు ట్రీకిల్ టార్ట్ పేరు కొత్త కాదు, కానీ మనలో చాలామందిమి దాన్ని చదవడమే తప్ప తిన్నది లేదు. బెంగళూరులో అసలైనది ఎక్కడ దొరుకుతుందా అని చాన్నాళ్లు వెతికా. ఇందిరానగర్ సైడ్ ఒక థీమ్ కేఫ్ మెనూలో పేరు చూసి ఎగిరి గంతేసి ఆర్డర్ పెడితే చాక్లెట్ సాసు, బటర్‌స్కాచ్ ముక్కలు, పైన మంత్రదండం షేపులో బిస్కెట్టు, లోపల ఏదో కారమెల్ కస్టర్డ్... డబ్బుల సంగతి అటుంచితే మనసు చివుక్కుమంది. ఎందుకంటే అసలు ఆ టార్ట్‌లో ఉండాల్సినవే చాలా తక్కువ. మైదా, వెన్న కలిపి చేసిన గట్టి పెంకు, లోపల గోల్డెన్ సిరప్ (చిక్కటి చక్కెర పాకం), బ్రెడ్ పొడి, నిమ్మకాయ. కొందరు గుడ్డు, కాస్త క్రీమ్ కూడా వేస్తారు, అంతకుమించి ఏం లేదు.

మా ఆఫీసులో ఒక అక్క చెప్తే తెలిసింది, కుక్‌టౌన్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ ఇంట్లోనే చేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటారని. ఇల్లు కాబట్టి పేరు, నంబరు ఇక్కడ పెట్టట్లేదు, కావాలంటే మెసేజ్ చేయండి, ఆవిడని అడిగి ఇస్తా.

టార్ట్ గోరువెచ్చగా ఇచ్చారు. మొదట తగిలేది పెంకు, వెన్న వాసనతో కరకరలాడుతూ ఉంది, అడుగు అస్సలు మెత్తబడలేదు (ఫిల్లింగ్ వేయకముందే పెంకుని విడిగా ఒకసారి బేక్ చేస్తారట, చాలాచోట్ల బద్ధకించి వదిలేసేది ఈ పనే). లోపలిది అరిసెల పాకం సరిగ్గా కుదిరినప్పుడు వచ్చే రుచికి దగ్గరగా ఉంటుంది గానీ బెల్లం ఘాటు ఉండదు, బ్రెడ్ పొడి సిరప్ మొత్తం పీల్చుకుని పైన కొంచెం గట్టిగా, కింద మెత్తగా, నమిలితే పళ్లకి కాస్త అంటుకునేలా తయారవుతుంది, ఇంక చాలు తీపి అనిపించే టైముకి నిమ్మ పులుపు వచ్చి మళ్లీ స్పూన్ పెట్టిస్తుంది. ఆ నిమ్మ తక్కువైతే టార్ట్ చెడిపోయినట్టే, ఆంటీ దగ్గర మాత్రం పర్ఫెక్ట్‌గా పడింది.

సిరప్ ఏం వాడతారని అడిగితే డబ్బా తెచ్చి చూపించారు, ఆకుపచ్చా బంగారు రంగూ కలిసిన లైల్స్ డబ్బా, మీద చచ్చిపోయిన సింహం, చుట్టూ తేనెటీగలు, బైబిల్లో సామ్సన్ కథలోది ఆ బొమ్మ. చక్కెర శుద్ధి చేశాక మిగిలే పాకాన్ని పారేయకుండా బాగుచేసి ఏబ్రమ్ లైల్ కంపెనీ 1883లో లండన్ ప్లేస్టో ఫ్యాక్టరీ నుంచి అమ్మడం మొదలుపెట్టింది. అంటే సిరప్ కూడా మిగిలిందే, బ్రెడ్ పొడి కూడా మిగిలిన బ్రెడ్‌దే. హ్యారీ పాటర్ రచయిత్రి ఇదంతా ఆలోచించి రాశారో లేదో గానీ, పెద్దమ్మ కొడుకు డడ్లీ వదిలేసిన లూజు బట్టలేసుకుని మెట్ల కింద గూట్లో పడుకున్న హ్యారీకి ఈ స్వీటే ఫేవరెట్ అవ్వడం నాకు భలే సరిగ్గా అనిపిస్తుంది. హాగ్వార్ట్స్ అనే మంత్రాల బడిలో మొదటి విందులో ఎక్లేర్లు, ట్రైఫిల్, ఐస్‌క్రీమ్ అన్నీ ఎదురుగా ఉంటే వాడు తీసుకుంది ట్రీకిల్ టార్టే, కావాల్సినంత తిను అని ఎవరూ అనని ఇంటి నుంచి వచ్చాడు మరి. 2005లో వచ్చిన ఆరో పుస్తకంలో ఇంకా బాగుంటుంది, ఎవరికి ఏది ఇష్టమైతే ఆ వాసన వచ్చే ప్రేమ మందు ఉంటుంది కదా, అందులో వాడికి వచ్చేవి ట్రీకిల్ టార్ట్, చీపురు కర్ర, స్నేహితుడు రాన్ వాళ్లింట్లో ఎప్పుడో పీల్చిన పూల వాసన. డ్రాగన్లూ యుద్ధాలూ ఎన్ని ఉన్నా ఆ పిల్లాడికి ఏం కావాలో నాకు తెలిసింది ఈ ఒక్క లైన్లోనే. అందుకే మంత్రదండం బిస్కెట్లు పెట్టి అలంకరిస్తే అంత కోపం వచ్చింది, దీనికి హంగు పనికిరాదు.

ఇక పనికొచ్చే విషయాలు. ముక్క 160 రూపాయలు, పెద్దదే, ఇద్దరికి ఒకటి సరిపోతుంది ఎందుకంటే తీపి బాగా ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్లు జాగ్రత్త. పక్కన వేడి కస్టర్డ్ చిన్న కప్పులో ఇస్తారు, అది కొంచెం పల్చగా ఉంది, నాకు నచ్చలేదు, చల్లటి ఫ్రెష్ క్రీమ్ అడిగి తీసుకోండి. గుడ్డు లేకుండా కూడా చేస్తారు, రెండూ తిన్నా, గుడ్డు లేనిది ముక్క కోసేటప్పుడు కాస్త జారుతుంది తప్ప రుచిలో తేడా లేదు. కూర్చుని తినడానికి చోటు లేదు, గేటు దగ్గర తీసుకుని వచ్చేయడమే. డెలివరీ పెట్టుకోకండి, ఆ గుంతల రోడ్లలో పెంకు ముక్కలైపోతుంది. ఇంటికొచ్చాక ఓటీజీ ఓవెన్‌లో 150 డిగ్రీల మీద పది నిమిషాలు వేడి చేయండి, మైక్రోవేవ్‌లో పెడితే పెంకు మెత్తబడిపోయి మొత్తం కష్టం వృథా.

శనివారానికి కావాలంటే గురువారం లోపు చెప్పాలి. డిసెంబర్లో ప్లమ్ కేకుల ఆర్డర్లతో ఆవిడకి ఊపిరాడదు, టార్ట్ చేయరు, కాబట్టి నవంబర్ దాటకముందే తినేయండి.