బీఏఎస్‌ఎల్‌పీ తర్వాత: ఆసుపత్రా, చెవి మిషన్ల క్లినిక్కా?

బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట లోపాలను పరీక్షించి సరిచేసే డిగ్రీ) ఇంటర్న్‌షిప్ ముగిసే కాలం వచ్చిందంటే జూనియర్లు నన్ను అడిగేది ఇదొక్కటే. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ చేతికొచ్చాక ఆసుపత్రిలో చేరాలా, చెవి మిషన్లు అమ్మే క్లినిక్‌లో చేరాలా? నేను రెండు చోట్లా పనిచేశాను.

నాకైతే మొదటి జీతం క్లినిక్‌లోనే ఎక్కువ వచ్చింది, పైగా అమ్మకాల మీద కమీషను. చెవి అచ్చు తీయడం, మిషన్‌ను మనిషికి తగ్గట్టు సరిచేయడం అక్కడే చేయి తిరిగింది. ఆసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీ రద్దీకి రోజంతా ఆడియోగ్రామ్‌లు (వినికిడి ఎంతుందో చూపే పటాలు) గీయడంతోనే సరిపోయేది.

అయినా నేను చూసేది వేరు. ‘మీకు మిషన్ అక్కర్లేదు’ అని చెబితే మన జీతానికి కోత పడుతుందా, లేదా? క్లినిక్‌లో ఉండగా ఒక పెద్దాయన వచ్చారు. ఎముక ద్వారా వినికిడి బాగానే ఉంది, గాలి ద్వారా మాత్రం 40 డెసిబెళ్ల దగ్గర; అంటే శబ్దం లోపలికి వెళ్లే దారిలోనే అడ్డు. చూస్తే చెవి నిండా గులిమి. ఈఎన్‌టీ దగ్గరికి పంపేశాను. మేనేజర్ పల్లెత్తు మాట అనలేదు కానీ, ఆ వారం అమ్మకాల బోర్డు మీద నా పేరు ఎదురుగా సున్నా చుట్టాడు.

ఆసుపత్రిలో ఆ బోర్డు లేదు, బెరా (శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తాయో కొలిచే పరీక్ష) గది ఉంది. పొద్దుటి నుంచి బిడ్డను నిద్రపోనివ్వవద్దని తల్లికి ముందే చెబుతాం. వచ్చాక పాలు పట్టి నిద్రపుచ్చితే, నుదుటి మీద, చెవుల వెనక ఎలక్ట్రోడ్లు అంటించి లైటు తీసేస్తాం. శబ్దం తగ్గించుకుంటూ పోతే తెర మీది గీతలో ఐదో తరంగం ఎక్కడ మాయమవుతుందో చూడాలి. 90 డెసిబెళ్ల దగ్గర కూడా గీత లేవకపోతే, మనం నోరు తెరవకముందే తల్లి మన ముఖంలో చదివేస్తుంది. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషనో చికిత్సో అని పుస్తకంలో చదువుకున్నాం. నా దగ్గరికి మాత్రం రెండేళ్లు దాటాక తెచ్చినవాళ్లే ఎక్కువ. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) అయిన పిల్లవాడు మ్యాపింగ్ (ఆ పరికరాన్ని అతనికి తగ్గట్టు సరిచేయడం) కోసం ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాడు. (క్లినిక్‌కూ వస్తారు, బ్యాటరీల కోసం.)

సొంత క్లినిక్ ఆలోచన అనుభవం వచ్చాక చేయండి. అమెరికా అంటారా, అక్కడ ఆడియాలజిస్టు కావాలంటే ఏయూడీ (ఆడియాలజీలో డాక్టరేట్) చదవాల్సిందే.

ఇంట్లో అప్పులుంటే క్లినిక్‌లోనే చేరండి, తప్పేమీ లేదు. ఇంటర్వ్యూలో మాత్రం ఒక్క మాట అడగండి: మిషన్ అవసరం లేని రోగిని తిప్పి పంపితే ఆ నెల లెక్కలో ఏమని రాస్తారు?