ఐటీఐనా, పాలిటెక్నిక్కా? పదో తరగతి తర్వాత ఏది మేలు?

పదిహేను హార్స్‌పవర్ మోటారు ఒకటి, దాని పక్కన దాన్ని మొదలుపెట్టే స్టార్-డెల్టా స్టార్టర్. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు బాగా నేర్చిన కుర్రాడికి అప్పగిస్తే, మోటారు నుంచి వచ్చే ఆరు తీగలనూ ఎక్కడివక్కడ తడుముకోకుండా బిగిస్తాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివిన అమ్మాయిని అడిగితే ఆ స్టార్టర్ ఎందుకో చెబుతుంది. మోటారును మొదట స్టార్ అనే తీగల అమరికలో నడిపితే లైను నుంచి లాగే కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది, తిప్పే బలమూ మూడో వంతే అవుతుంది, కాబట్టి మొదలయ్యేటప్పుడే పెద్ద బరువు లాగాల్సిన యంత్రానికి ఆ పద్ధతి పనికిరాదు.

రెండూ విద్యలే, రెండూ అన్నం పెట్టేవే. మా పిల్లవాడిని ఎందులో చేర్చమంటారని అడిగే తల్లిదండ్రులకు నేను చెప్పే మాట ఇది: లెక్కలంటే భయం లేకుండా, ఇల్లు మూడేళ్లు ఆగగలిగితే పాలిటెక్నిక్. ఏడాది రెండేళ్లలో చేతికి పని రావాల్సిన ఇల్లయితే ఐటీఐ. మార్కులు తక్కువ వచ్చాయి కాబట్టి ఐటీఐ అనే మాటను మాత్రం నేను ఒప్పుకోను.

ఎందుకంటే, ఐటీఐలో చేతికి దొరికే సాధన మరెక్కడా దొరకదు. ఫిట్టర్ ట్రేడునే చూడండి. మొదటి నెలల్లో పిల్లవాడు చేసేది ఇనుప ముక్కను వైస్‌లో బిగించి ఆకురాయితో రాయడమే. చూడటానికి ఎంతో తేలిక. నాలుగు రాపిళ్లు రాసి, ముక్క మీద ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. అంచు కింద సందులోంచి వెలుగు కనిపిస్తే ఉపరితలం ఇంకా చదునుగా రాలేదన్నమాట. మళ్లీ రాయాలి. కొత్తవాళ్లకు అంచులు అరిగి నడుమ ఎత్తు మిగలడం మామూలే. అరచేతులు బొబ్బలెక్కుతాయి. కొన్ని వారాల తర్వాత ఒకరోజు ఆ వెలుగు గీత మాయమవుతుంది. ఆ రోజు ఆ పిల్లవాడి ముఖం చూడాలి! వెర్నియర్ క్యాలిపర్‌తో 0.02 మిల్లీమీటర్ల తేడాను పట్టుకునే ఓపిక అక్కడి నుంచే వస్తుంది.

ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్ల ట్రేడులు, వెల్డర్ ఏడాది. పూర్తయ్యాక 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద రైల్వేల్లో, సింగరేణిలో, ఆర్టీసీలో స్టయిపెండుతో శిక్షణకు వెళ్లవచ్చు. రైల్వేల్లో అప్రెంటిస్ పూర్తిచేసిన వారికి లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) ఉద్యోగాల్లో 20 శాతం కేటాయింపు ఉంది. అసిస్టెంట్ లోకో పైలట్ (రైలు సహాయ డ్రైవరు) పోస్టుకు కూడా పదో తరగతితో పాటు తగిన ట్రేడులో ఐటీఐ ఉంటే పోటీపడవచ్చు.

మరి పాలిటెక్నిక్ వైపు నేనెందుకు మొగ్గుతున్నాను? తలుపులు ఎక్కువ కాబట్టి. రైల్వేలో జూనియర్ ఇంజనీర్ పోస్టుకు ఐటీఐ సరిపోదు, డిప్లొమా కావాలి. అన్నిటికన్నా పెద్ద తలుపు ఈసెట్. అది రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపితే ఆరు. డిప్లొమా మూడు, ఆపై బీటెక్ మూడు, అదీ ఆరే. ఒక్క ఏడాదీ నష్టం లేదు. పైగా నడుమ ఇంట్లో ఇబ్బంది వచ్చి చదువు ఆగిపోయినా చేతిలో డిప్లొమా మిగులుతుంది. ఎంపీసీ చదివి ఇంటర్‌తో ఆగిన పిల్లవాడికి ఆ ఆసరా ఉండదు. ఐఐటీ మీదే మనసున్న పిల్లలు మాత్రం ఇంటర్‌కే వెళ్లాలి, ఆ దారి వేరు.

పాలిటెక్నిక్‌కు ప్రవేశ పరీక్ష పాలిసెట్. 120 మార్కులకు పదో తరగతి లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలే. అందులో గట్టెక్కినా మొదటి ఏడాది ఇంజనీరింగ్ లెక్కల దగ్గర చతికిలబడేవారు చాలామంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లిషు పుస్తకాలు మరో బరువు. ఇంట్లో పెద్దవాళ్లు ఆ ఒక్క ఏడాదీ వెన్నంటి ఉండగలిగితే చాలావరకు నిలదొక్కుకుంటారు. రెండేళ్ల ఐటీఐ ట్రేడు ముగించిన వారికి డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారి కూడా ఉంది కాబట్టి, ఈరోజు ఐటీఐ ఎంచుకున్నంత మాత్రాన పై చదువు మూసుకుపోదు.

ఇన్ని చెప్పాక కూడా నన్ను భయపెట్టే సంగతి ఒకటుంది. ఒక ప్రైవేటు ఐటీఐ చూడటానికి వెళ్తే, వర్క్‌షాప్ తాళం తీయడానికే అరగంట పట్టింది. లోపల ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా ఇంకా కొత్తగా ఉంది. కింద నేల అద్దంలా శుభ్రంగా ఉంది. పిల్లలు పని చేసే చోట అలా ఉండదు. లేత్ కింద ఇనుప రజను పడి ఉంటుంది, వెల్డింగ్ బూత్ గోడలు నల్లబడి ఉంటాయి, వైస్ దవడలు అరిగి ఉంటాయి. అందుకే ఏ కోర్సయినా సరే, ఫీజు కట్టక ముందు పిల్లవాడిని వెంటబెట్టుకుని, తరగతులు జరిగే రోజునే వెళ్లి వర్క్‌షాప్ చూపించమని అడగండి. ఒక్కో యంత్రం దగ్గర ఎంతమంది నిలబడ్డారో లెక్కపెట్టండి. తాళంచెవి దొరకడం లేదంటే మరో కళాశాల చూసుకోండి.