పంచదార పూలు తెప్పించుకునే వాళ్ళకు: ‘స్టాకు సిద్ధం’ ఆవిడతో జాగ్రత్త

రెండు రాత్రులుగా నిద్ర లేదు, చేతికి వచ్చినట్టు రాస్తున్నాను. కేకుల మీద అలంకారానికి పెట్టే పంచదార పూలు చేసి పార్సిల్‌లో పంపే ఆవిడ గురించి ఇది. పేరు రాయను, రాయవలసిన అవసరం కూడా లేదు. ఇంట్లో కేకులు చేసి అమ్మే మన గోదావరి జిల్లాల వాళ్ళలో సగం మందికి ఆవిడ తెలుసు. ‘ఎప్పుడు అడిగినా స్టాకు సిద్ధం’ అని రోజుకు రెండుసార్లు స్టేటస్ పెడతారే, ఆవిడే. ఆ స్టాకు ఎప్పటినుంచి సిద్ధంగా ఉందో నాకు మొన్న రాత్రి తెలిసింది.

శ్రావణ మాసం, పెళ్ళిళ్ళు, ఒక్క వారంలో ఐదు కేకులు. వాటిలో పెద్దది రావులపాలెం అవతల ఒక రిసెప్షన్‌కు, మూడంతస్తులది. పెళ్ళికూతురికి దాని మీద రెండు తామరలు, పద్దెనిమిది గులాబీలు కావాలి. గమ్ పేస్ట్‌తో, అంటే ఆరితే గట్టిపడే పంచదార ముద్దతో, తామర చేయడం నాకు రాక కాదు. ఒక్కో రేకకు తీగ గుచ్చి, అంచు పలుచన చేసి, చెంచాలో వంపు తిరిగేలా ఆరబెట్టి, ఆరాక రంగు పొడి అద్ది... ఈ వానల్లో ఒక్కో పువ్వుకు నాలుగైదు రోజులు పడుతుంది. అంత తీరిక లేక కొన్నాను. 6,200 రూపాయలు, మొత్తం ముందే పంపాను. మొత్తం ఎందుకు పంపావని మా ఆయన అడిగితే ఉప్మాలో ఉప్పు సరిపోయిందా అని మాట మార్చాను. కడియపులంక పూల మార్కెట్టుకు గంట దూరంలో కాపురం ఉంటూ పువ్వుల కోసం పార్సిల్ బండికి ఎదురుచూసిన మహాతల్లిని నేను.

పార్సిల్ సోమవారం వచ్చింది. శుక్రవారం రాత్రి దాకా విప్పలేదు. ఇది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. కదిపితే విరుగుతాయని బీరువా మీద పెట్టి, అంత జాగ్రత్తగా పెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

విప్పాను. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, దాని చుట్టూ మూడు చుట్లు ప్లాస్టిక్ పొర. మూత లోపలివైపు చెమట పట్టి ఉంది. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒక్కటంటే ఒక్కటి లేదు. తామర రేకలు వాడిన తమలపాకుల్లా ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. ఒక రేకను పట్టుకుని వంచాను. గమ్ పేస్ట్ అయితే టక్కున విరగాలి. ఇది వంగి, వంగినట్టే ఉండిపోయింది. గులాబీల సంగతి ఇంకా ఘనం. ఒకవైపు ముదురు రంగు, రెండోవైపు తెల్లబోయి ఉన్నాయి. పద్దెనిమిదింటిదీ అదే వరస, వెలుతురు తగిలిన వైపు రంగు లేదు. కాడ మీది ఆకుపచ్చ టేపు విప్పితే లోపల తీగ తుప్పు పట్టింది. ఆ గోధుమ రంగు మరక పువ్వు అడుగు దాకా పాకింది. వీటిని నేను ఒకరి పెళ్ళి కేకు మీద పెట్టాలి.

అప్పటికీ వాన తప్పేమోనని అనుమానించాను, ఆవిడను కాదు. గాలిలో తేమకు మెత్తబడిన గమ్ పేస్ట్ పువ్వును టేబుల్ లైటు కింద, ఫ్యాను గాలికి పెడితే మళ్ళీ గట్టిపడుతుంది. రెండు గంటలు పెట్టి చూశాను. జిడ్డుగా మెరిసింది తప్ప బిగుసుకోలేదు. అంటే గట్టిపరిచే టైలోజ్ పొడి పడని ఉత్త ఫాండెంట్, మెత్తటి పంచదార ముద్ద. అందులో గ్లిజరిన్ వేసేదే మెత్తగా ఉండడానికి. దానితో కేకును కప్పుతారు, తామరలు చేయరు. అదే బీరువా మీద, చెప్పుల అట్టపెట్టెలో, మే నెలలో నేను చేసి దాచిన మల్లెలు ఉన్నాయి. టిష్యూ కాగితం, రెండు సిలికా పొట్లాలు, అంతే. గోదావరికి ఎర్రనీరు వచ్చి, కాలువలు నిండి, గోడల సున్నం ఉబ్బిన ఇదే ఇంట్లో అవీ ఉన్నాయి. తీసి పళ్ళెంలో వేస్తే గాజుపూసల్లా మోగాయి. పూలను నెలల ముందే చేసి దాచడం తప్పు కాదు, ఈ పని చేసేవాళ్ళందరం అదే చేస్తాం. దాచడం రావాలి.

అప్పుడు ఫోను చేశాను. రాత్రి పదిన్నర. "పూలు మెత్తబడిపోయాయండీ, వీడియో పంపాను, ఒకసారి చూడండి" అన్నాను. "ఒక్క నిమిషం అండీ" అన్నారు. ఫోను పక్కన పెట్టారు, మ్యూట్ నొక్కడం మరిచిపోయారు. లోపల ఎవరినో అడగడం శుభ్రంగా వినిపించింది: "రావులపాలెం పార్సిల్‌లో షోకేసులోవి పెట్టేశావా?" అవతలి గొంతు ఏదో నసిగింది. "పోనీలే, అక్కడ ఎలాగూ వానలే."

తర్వాత ఫోను తీసుకుని, గొంతులో తేనె పోసుకుని: "మీ గోదావరి వాళ్ళతో ఇదే ఇబ్బందండీ. మీ ఊళ్ళ గాలే తడి. మీరు ఫ్రిజ్‌లో పెట్టి ఉంటారు."

ఇక్కడినుంచి ‘అన్నారు’ అని రాయడానికి నాకు చేయి రావడం లేదు.

పంచదార పువ్వును ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీయగానే చెమట పట్టి కారుతుందని ఆరేళ్ళుగా కేకులు చేస్తున్నదానికి తెలియదా అన్నాను. "అంత తెలిసినవారు మీరే చేసుకోవచ్చు కదా" అంది. షోకేసు మాట నాకు వినిపించిందని చెప్పాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత నవ్వింది. నిజంగా నవ్వింది. "అవి తినడానికా ఏమిటండీ? ఫొటో కోసమే కదా. కేకు కోసే ముందు తీసి పక్కన పడేసేవే" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే నా నంబరు బ్లాక్.

ఫొటో కోసమేనట. ఆ ఫొటో కోసమే ఆ పిల్ల మూడు నెలలుగా నాకు తామరల బొమ్మలు పంపుతోంది. డబ్బుకూ కడుపు మండింది, కాదనను. కానీ ‘అక్కడ ఎలాగూ వానలే’ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. పూలకన్నా ముందు సాకును ప్యాక్ చేసి పెట్టుకుంది మహానుభావురాలు.

కేకు ఎలాగో గట్టెక్కింది. ఆత్రేయపురం దగ్గర మా పిన్ని ఉంది. తెల్లవారుజామున నెయ్యీ పంచదారా చుట్టని ఉత్త పూతరేకులు ఒక కట్ట ఇచ్చి పంపింది. చేతి తడి తగిలితే చాలు లొంగుతాయి, ఇంకాస్త తగిలితే చిరిగిపోతాయి. కత్తిరించి తామరలు చేశాను. క్రీము తడి తగలకుండా అడుగున చాక్లెట్ పలక పెట్టి, హాల్లోకి వెళ్ళాకే అమర్చాను. దూరానికి తామరే, దగ్గరికి వస్తే ఉల్లిపొర. పెళ్ళికొడుకు మేనమామ ఒకరు "పూతరేకేనా ఇది?" అంటూ ఒక రేక తుంచి నోట్లో వేసుకున్నారు. పెళ్ళికూతురు ఏమీ అనలేదు, చూసి ఊరుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. పూలకు లెక్కకట్టిన డబ్బు నేనే తగ్గించి తీసుకున్నాను.

ఈ ఉదయం మా చెల్లెలి ఫోనులో ఆవిడ స్టేటస్ చూశాను. శ్రావణం తగ్గింపు ధరలట. షోకేసు ఫొటో పెట్టింది. పై అరలో దుమ్ము లేని గుండ్రటి మచ్చలు రెండున్నాయి, తామరలంత.

కొనేవాళ్ళు సగం డబ్బే ముందు ఇవ్వండి. పంపే ముందు ఒక రేక విరిచి వీడియో తీయమనండి, విరిగిన చప్పుడు వినిపించాలి. పార్సిల్ వచ్చిన గంటలోనే విప్పండి, నాలాగా బీరువా ఎక్కించకండి. సొంతంగా చేసుకుంటే పావుకిలో ఫాండెంట్‌కు ఒక టీస్పూను టైలోజ్. పూర్తిగా ఆరాకే అట్టపెట్టెలో, వెలుతురు తగలని చోట. తీగను నేరుగా కేకులో గుచ్చకండి, స్ట్రాలో పెట్టి గుచ్చండి. డబ్బా, పూలు అలాగే ఉంచాను, ఫొటోలు కావలసినవాళ్ళు అడగండి. రేపు పంపుతాను, ఇప్పుడు కళ్ళు మూతలు పడుతున్నాయి.