ఇంట్లో లంబాడీ మాట్లాడాలా, తెలుగు మాట్లాడాలా?

దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చి నల్లగొండ శివారు కాలనీల్లో స్థిరపడిన దంపతులకు, బిడ్డకు మాటలొచ్చే వేళ ఈ ప్రశ్న ఎదురవుతుంది. పక్కింట్లో ఉర్దూ, ఎదురింట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు వినిపిస్తుంటాయి.

ఖర్చు: రెండింటికీ లేదు.

శ్రమ: తెలుగుకు వీధి, బడి, టీవీ తోడుంటాయి. లంబాడీకి ఇల్లే ఆధారం. సొంత లిపి లేని, రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూలులో చేరని ఈ భాషలో కథలైనా, తీజ్ పండుగ పాటలైనా ప్రధానంగా పెద్దల నోటి నుంచే పిల్లలకు అందాలి.

నష్టభయం: లంబాడీ ఇండో-ఆర్య భాష, తెలుగు ద్రావిడ భాష, అంటే రెండూ వేర్వేరు కుటుంబాలవి కాబట్టి, ఇంట్లో లంబాడీ మాత్రమే విన్న పిల్లలకు తెలుగు పాఠాలు మొదట్లో కష్టమనిపించవచ్చు, అయితే తోటి పిల్లలతో ఆడుతూ ఆ లోటు తీర్చుకోగలరు. తెలుగు మాత్రమే విన్న పిల్లలు తండాలోని నాయనమ్మ మాటకు బదులు చెప్పలేరు, పెద్దయ్యాక ఆ లోటు పూడ్చుకోవడం చాలా కష్టం. నా దృష్టిలో ఇదే బరువైన నష్టం.

తల్లిదండ్రులిద్దరిదీ లంబాడీ అయితే ఇంట్లో ధైర్యంగా అదే మాట్లాడవచ్చు. ఒకరిది తెలుగైతే ఎవరి భాషలో వారు బిడ్డతో మాట్లాడటం మేలు. ఇప్పటికే బడిలో తెలుగు చదవలేక వెనకబడిన పిల్లలకు సాయంత్రం కొంతసేపు తెలుగు చదివించాలి, కానీ అందుకోసం ఇంట్లో లంబాడీని ఆపనవసరం లేదు.