ఈఎస్‌సీ యూనిట్ మార్పించాక: చెన్నైలో దీర్ఘకాల వాడకంపై సమీక్ష

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నీరు వేళచ్చేరిలో మా వీధిని ముంచెత్తినప్పుడు మా కారు ఇంజిన్ బతికిపోయింది గానీ, ఈఎస్‌సీ (బండి జారకుండా ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే వ్యవస్థ) యూనిట్ కనెక్టరులోకి తడి చేరింది. కొన్ని వారాల తర్వాత ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఈఎస్‌సీ దీపాలకు తోడు ఎర్రటి బ్రేకు దీపం కూడా వెలిగింది. హ్యాండ్ బ్రేకు దించి ఉండి, బ్రేకు ఆయిలు నిండుగా ఉన్నప్పుడు ఈ మూడూ కలిసి వెలిగితే, వెనక చక్రాల బ్రేకు బలాన్ని అదుపు చేసే ఈబీడీ కూడా పనిచేయడం లేదేమోనని అనుమానించాలి. మామూలు బ్రేకు పడుతూనే ఉంటుంది కాబట్టి చాలామంది అలాగే నడిపేస్తారు. కనెక్టరు విప్పించి చూస్తే పిన్నులకు పచ్చటి చిలుము పట్టి ఉంది.

పాత విడిభాగాలు అమ్మే పుదుపేటలో పాత యూనిట్ చవకగా దొరుకుతుందని తెలిసినవారు చెప్పినా నేను ఒప్పుకోలేదు. దాని కవాటాలు, పంపు ఏ స్థితిలో ఉన్నాయో బయటికి కనిపించదు. పైగా అందులో వేరే కారుకు తగ్గట్టు పెట్టిన సెట్టింగులు, అంటే కోడింగు, ఉంటుంది. కొత్తదాని ధర గుండె గుభేలుమనిపించింది, అయినా అదే కొన్నాను.

బిగించడం కంటే ఆ తర్వాతి పనే ముఖ్యమని ఈ వాడకంలో నాకు రూఢి అయింది. మెకానిక్ ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీసి, పెడల్‌ను కర్రతో కొద్దిగా నొక్కి నిలబెట్టి ఆయిలు కారకుండా చూసుకొని, ఒక్కో పైపుకు రంగు టేపు చుట్టి, పైపు చేతికి వచ్చాకే కొత్త యూనిట్‌లో ఆ రంధ్రం ప్లాస్టిక్ మూత తీశాడు. కారిన చుక్కలు పెయింటును తినేస్తాయి గనుక వెంటనే నీళ్లతో కడిగాడు. అంతకుముందు అడిగిన ఒక గ్యారేజీవారు పెడల్ తొక్కుతూ గాలి తీస్తే చాలన్నారు. అది చాలదు. మూసి ఉన్న కవాటాల వెనక చిక్కిన గాలి, కారు కంప్యూటరుకు తగిలించే స్కానర్‌తో పంపునూ కవాటాలనూ తిప్పితే తప్ప చాలా కార్లలో బయటికి రాదు; తర్వాత ఎప్పుడో ఏబీఎస్ పనిచేసినప్పుడు ఆ గాలి లైనులోకి వచ్చి పెడల్ మెత్తబడుతుంది. ఆపైన మా కారు రకానికి తగ్గ వేరియంటు కోడింగు, స్టీరింగ్ కోణం సెన్సారుకూ, బండి ఎంత తిరుగుతోందో కొలిచే యా సెన్సారుకూ సున్నా సరిచేయడం జరిగాయి. ఈ సున్నా తప్పితే తిన్నగా వెళ్తున్న బండి తిరుగుతోందని భ్రమపడి ఈఎస్‌సీ అనవసరంగా ఒక చక్రాన్ని పట్టేస్తుంది.

ఆ తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. తిరుమల కొండ దిగే మలుపుల్లో పెడల్ మొదటి రోజులాగే గట్టిగా ఉంది, దీపాలు మళ్లీ వెలగలేదు. బయలుదేరగానే వినిపించే చిన్న గుర్రుమనే శబ్దం యూనిట్ తనను తాను పరీక్షించుకోవడమే. డాట్ 4 రకం బ్రేకు ఆయిలు మరుగు స్థానం కనీసం 230 డిగ్రీలు ఉండాలి. తేమ పీల్చాక ఆ కనీస ప్రమాణం 155కు పడిపోతుంది. సముద్రపు గాలి వీచే ఊరు కాబట్టి నేను దాన్ని రెండేళ్లకే మార్పించాను.

అసంతృప్తి ఒక్కటే: బిల్లులో కోడింగు, సున్నా సరిచేత అనే మాటలే లేవు, అంతా "బ్రేకు పని" కిందే రాశారు. పట్టుబట్టి స్కాన్ రిపోర్టు ప్రింటు తీయించుకున్నాను. వారంటీ అడగవలసి వస్తే చూపడానికి నా దగ్గర ఉన్నది ఆ కాగితమే.