ఏజెంట్లతో కట్టించిన లాడ్జీ సాఫ్ట్‌వేర్: తిరుపతిలో తీసుకునేవాళ్లు జాగ్రత్త

'మీ లాడ్జీకి గదుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ ఏఐ ఏజెంట్లే డిజైన్ చేస్తాయి, అవే రాస్తాయి, మనుషులతో పనే లేదన్నా' అంటూ బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలన్నీ తిరుగుతున్న కుర్రాడు మీకూ తగిలే ఉంటాడు. పేరు చెప్పను, మీకు చెప్పక్కర్లేదు కూడా. అడ్వాన్సు నలభై వేలు ఇచ్చేశాను, ఎంత తెలివి!

మొదట రంగురంగుల బొమ్మలతో లావుపాటి డిజైన్ పీడీఎఫ్ చూపించాడు. ఏజెంట్లంటే చెప్పిన పనిని సొంతంగా చేసుకుపోయే ఏఐ ప్రోగ్రాములట. ఒక ఏజెంట్ ప్లాన్ వేస్తుందట, ఒకటి కోడ్ రాస్తుందట, ఒకటి టెస్ట్ చేస్తుందట, నాలుగోది అన్నీ తనిఖీ చేస్తుందట. ఇరవై రెండు గదులకు మైక్రోసర్వీసులు, కాఫ్కా, కుబెర్నెటిస్ అంటూ పెద్ద పెద్ద సైట్లకు పెట్టే సరంజామా అంతా! కొండ మీద కాటేజీలన్నీ నాకే రాసిచ్చినట్టుంది లెక్క.

వైకుంఠ ఏకాదశి రద్దీలో బండారం బయటపడింది. అర్ధరాత్రి దాటాక కౌంటర్ ముందు రెండు కుటుంబాలు. ఒకరు అప్పుడే కొండ దిగారు, పిల్లాడి గుండు మీద చందనం ఇంకా ఆరలేదు. ఇంకొకరు రేణిగుంటలో రైలు దిగి నేరుగా వచ్చారు. ఇద్దరి ఫోన్లలోనూ 204 గదే, ఇద్దరి డబ్బూ కట్ అయింది. ఊళ్లో ఎక్కడా గది లేదు. 'సామి ఊళ్లో ఇదేం మోసం నాయనా' అని ఆ పెద్దావిడ అంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

పొద్దున్నే ఫోన్ చేస్తే ఏమన్నాడో వినండి. 'అన్నా, ఆ కోడ్ నేను రాయలేదు కదా, ఏజెంట్ రాసింది. అందులో ఏముందో నాకెట్లా తెలుస్తుంది?' మరి నలభై వేలు తీసుకున్నది ఏజెంటా? 'ఏజెంట్‌కి మళ్లీ ప్రాంప్ట్ ఇస్తే, అంటే ఏం చేయాలో రాసిస్తే, సరిచేస్తుంది. టోకెన్ల ఖర్చు, అదే ఏఐ వాడకం బిల్లు, మాత్రం మీదే.' పైగా టెస్టులన్నీ పాసయ్యాయని పచ్చ టిక్కుల స్క్రీన్‌షాట్ ఒకటి పంపాడు. గది లేక జనం మెట్ల మీద కూర్చుంటే నేను టిక్కులు చూసుకుని మురిసిపోవాలి!

ఎస్వీ యూనివర్సిటీలో చదివిన మా అన్న కొడుకు కోడ్ తెరిచి చూశాడు. గది ఖాళీగా ఉందా అని చూడటం ఒక పని, బుక్ చేయడం ఇంకో పని అన్నట్టు రాసుందట. ఆ సందులో రెండోవాడు దూరేస్తాడు. ఒకరు బుక్ చేస్తుండగా ఇంకొకరు ఆ గదిని ముట్టుకోకుండా డేటాబేస్‌లో లాక్ వేసినా, ఒక గదికి ఒక తేదీన రెండో ఎంట్రీ పడకుండా కట్టడి పెట్టినా సరిపోయేది, పాత విద్యే. టెస్టులేమో ఒకరి తర్వాత ఒకరు బుక్ చేసినట్టే ఉన్నాయి. రాసిందీ, పరీక్ష పెట్టిందీ, దిద్దిందీ ఒకే ఏఐ మోడల్ అయితే ఒకదానికి తట్టనిది మిగతావాటికీ తట్టదు అన్నాడు వాడు. బిల్లులో జీఎస్టీ కూడా ఇంకా పాత 12 శాతమే వేస్తోంది. 7,500 రూపాయల వరకు గదులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం కదా!

పెద్దవాళ్లకూ ఇదే గతి. 2025 జూలైలో రెప్లిట్ అనే కోడింగ్ సైట్ ఏజెంట్, ఏమీ మార్చొద్దని దాన్ని వాడుతున్న జేసన్ లెమ్కిన్ అనే అమెరికా ఇన్వెస్టర్ చెబుతున్నా ఆయన లైవ్ డేటాబేస్ చెరిపేసి, వెనక్కి తేలేమని కూడా చెప్పింది. తర్వాత డేటా వెనక్కి వచ్చిందనుకోండి. ఆ వార్త చదివి కూడా, మన లాడ్జీకి అంత సీన్ లేదులే అనుకున్నా.

తీసుకోవాలనే ఉంటే డబ్బు కట్టేముందు రెండు ఫోన్లు పట్టుకుని ఒకే గదిని ఒకేసారి బుక్ చేసి చూడండి. కోడ్, పాస్‌వర్డ్‌లు మీ పేరు మీద పెట్టించుకోండి. నావి ఇంకా అతని దగ్గరే ఉన్నాయి, బ్యాలెన్స్ కడితేనే ఇస్తాడట.