కుక్క తిండికి కాటా: నాలుగేళ్ల వాడకం తర్వాత

"రోజుకు ఎన్ని గ్రాములు పెడుతున్నారు?" అని పశువైద్యురాలు అడిగితే "నాలుగు కప్పులు" అన్నాను. ఆవిడ నవ్వారు. అప్పటికి మా లాబ్రడార్ బంటి బరువు 36 కిలోలు.

ఆ సాయంత్రమే వంటింటి డిజిటల్ కాటా కొన్నాను. ముందుగా కుక్క తిండి పొట్లంతో వచ్చిన కప్పునే పరీక్షించాను. అదే కప్పు, అదే చేయి. ఒకసారి 104 గ్రాములు తూగింది, మరోసారి 131. ఇక మా నాన్నగారు నింపితే కప్పు మీద గోపురమే లేచేది.

ఇప్పుడు ఖాళీ గిన్నె కాటా మీద పెట్టి, సున్నా చేసి, పొట్లంలోని పొడి తిండి గుళికలు పోస్తాను. అర నిమిషం పని. బిస్కెట్లు, చిరుతిళ్లు రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదన్నారు కాబట్టి, వాటిని పొద్దున్నే తూచి ఒక డబ్బాలో వేస్తాను. డబ్బా ఖాళీ అయితే ఎవరు బతిమాలినా, బంటితో సహా, ఇక లేదు. ఇంట్లో గొడవలు వచ్చింది ఈ డబ్బా దగ్గరే. ఎనిమిది నెలల్లో బరువు 30కి దిగింది. అప్పటినుంచి వారానికోసారి పక్కటెముకలు తడిమి చూస్తున్నాను: నొక్కకుండానే వేళ్లకు తగలాలి, కంటికి మాత్రం పొడుచుకు రాకూడదు. 48 లాబ్రడార్లను జీవితాంతం గమనించి 2002లో వెలువరించిన అధ్యయనంలో, పావు వంతు తక్కువ తిన్నవి దాదాపు 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి.

కాటాకు లోపాలు ఉన్నాయి. రెండు నిమిషాలు కదలిక లేకపోతే దానంతటదే ఆరిపోతుంది. మూడు గ్రాముల లోపు ముక్కను ఒంటరిగా పెడితే పట్టించుకోదు. అన్నీ కలిపి తూచాలి.

తూకం సరిగ్గా ఉంటే తిండి కూడా సరైనదే అనుకోవడం మాత్రం నా పొరపాటు. ఒక నెలన్నర కోడిమాంసం, అన్నం గ్రాములతో సహా లెక్కేసి వండిపెట్టాను. వైద్యురాలు ఆపించారు. మాంసంలో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం నామమాత్రం. కాల్షియం కనీసం భాస్వరమంత ఉండాలి. మళ్లీ గుళికలకు మారడానికి పది రోజులు పట్టింది, రోజూ కొంచెం కొంచెంగా కలుపుతూ.

ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చూయింగ్ గమ్ కుక్కలకు విషం కాబట్టి కాటా దాకా రావు. ద్రాక్ష ఎంతవరకు ప్రమాదం లేదో చెప్పే లెక్కే లేదు. ఎండుద్రాక్ష డబ్బా చేయి జారిందంటే, నేలంతా ఊడ్చి మంచం కింద కూడా చూశాకే బంటిని లోపలికి రానిస్తాను.